చుక్కలు కలపమన్న ఫార్మసిస్టు

వేదిక మీది పెద్దలకు, పిల్లలకు నమస్కారం. ఫార్మసిస్టుల దినోత్సవం కదా, మన వృత్తి గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క మనిషి గురించే మాట్లాడతాను. దక్షిణాఫ్రికా మంత్రి ప్రవీణ్ గోర్ధన్. 2024 సెప్టెంబరులో, 75 ఏళ్ల వయసులో పోయారు.

ఆయన ఫార్మసిస్టు. డర్బన్‌లో పుట్టి, 1973లో డిగ్రీ తీసుకుని, అక్కడి కింగ్ ఎడ్వర్డ్ ఆసుపత్రిలో పనిచేశారు. వర్ణవివక్ష మీద పోరాడినందుకు నిర్బంధించారు. లోపల ఉండగానే ఉద్యోగం తీసేశారు. వర్ణవివక్ష పాలన పోయాక పదేళ్లు పన్నుల శాఖ నడిపారు. 2009 నుంచి 2024 దాకా, మధ్యలో ఏడాదికి కాస్త తక్కువ కాలం తప్ప, మంత్రిగానే ఉన్నారు.

ఆ మధ్యలో ఏడాది సంగతే అసలు సంగతి. 2017 మార్చిలో ఆర్థికమంత్రిగా లండన్ వెళ్లి పెట్టుబడిదారులతో మాట్లాడుతుంటే, అధ్యక్షుడు జుమా వెనక్కి రమ్మన్నారు. ఆ వారంలోనే, అర్ధరాత్రి వేళ, పదవి పోయింది. మన ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్ నుంచి అక్కడికి వెళ్లి, జుమాకు దగ్గరైన వ్యాపారులు గుప్తా సోదరులు ప్రభుత్వ సంస్థల్లో ఎంత లోతుకు దిగారో తర్వాత ఆ అవినీతి మీద విచారణ జరిపిన జోండో కమిషన్ తేల్చింది. ఖజానా వాళ్ల చేతికి చిక్కకుండా అడ్డం నిలిచింది ఈయన. పదవి పోయాక ఆయన జనాన్ని అడిగింది ఒకటే, చుక్కలు కలిపి చూడండని. ముగ్గు వేసే అమ్మలకు ఇది వేరే చెప్పాలా? ఒక టెండరు, ఒక బదిలీ, ఒక సంతకం. విడిగా చూస్తే ఏదీ తప్పనిపించదు.

సంతకం అంటే గుర్తొచ్చింది. క్షమించాలి, ఇది చెప్పక ఉండలేను. నేను ఒక ఆసుపత్రి మందుల స్టోరులో ఉన్న రోజులు. పన్నెండు పెట్టెలు వచ్చాయి, ముప్పై రెండు అని స్టాక్ రిజిస్టరులో రాయమన్నారు. రాయలేదు. నాలుగో రోజున బదిలీ. మా ఆవిడ నిండు నెలల మనిషి.

గోర్ధన్ గారి మీద విమర్శలు లేవని కాదు. ప్రభుత్వ రంగ సంస్థల మంత్రిగా ఉండగానే 2023లో కరెంటు కోతలు ఎన్నడూ లేనంతగా పెరిగాయి. విమానసంస్థ వాటా అమ్మకమూ కుదరలేదు. అవీ ఆయన లెక్కలోనే రాయాలి.

పిల్లలూ, మీరు రేపు స్టోరుల్లో కూర్చుంటారు. పెట్టె విప్పి లెక్కపెట్టకుండా సంతకం పెట్టకండి, మీకు దణ్ణం పెడతాను. ఆ ఇరవై పెట్టెలు కాగితం మీద ఎవరు ఎక్కించారో నాకు తెలియలేదు. బదిలీ అయ్యేదాకా జ్వరాలతో వచ్చినవాళ్లను బయట కొనుక్కోమని పంపింది మాత్రం నేనే.