మా అవ్వ చేసే బెల్లం బిళ్లలు: మూడు రకాలతో చేసి చూశాను

అందరికీ నమస్కారం. అనంతపురంలో మా వంటింట్లో ఉన్నా. ఇదిగో, ఈ మూడు ప్లేట్లు చూడండి. మూడూ బెల్లం బిళ్లలే, చేసిన పద్ధతి కూడా ఒకటే. మొదటిది అంగట్లో దొరికే పసుపు బెల్లం, రెండోది నల్ల బెల్లం, మూడోది ప్యాకెట్ బ్రౌన్ షుగర్. కదిరి తేరుకు పోయినప్పుడు బొరుగులూ బత్తాసులూ కొనిచ్చినా, మా అవ్వ ఇంట్లో చేసిన బిళ్లలే నాకు ఇష్టం. ఆ రుచి దేంతో వస్తుందో తేల్చుకోవాలని చేశా.

పావు కిలో బెల్లానికి పావు గ్లాసు నీళ్లు. కరిగాక వడగట్టడం మాత్రం మానొద్దు. నల్ల బెల్లం వడగట్టిన ఈ జల్లెడ చూడండి, ఇసుక, చెరకు పీచు ఎంత ఉందో. తర్వాత అడుగు మందంగా ఉన్న గిన్నెలో, సన్న మంట మీద ఉడికించాలి.

అసలు పని ఇక్కడుంది, కెమెరా దగ్గరికి తెస్తున్నా. చల్లటి నీళ్లలో ఒక చుక్క వేశా. వేలితో తీస్తే మెత్తని ఉండ అవుతోంది. అరిసెలకైతే ఈ పాకం చాలు, బిళ్లలకు చాలదు. కాసేపాగి మళ్లీ వేశా. ఉండ గట్టిపడింది, కొరికితే పళ్లకు అంటుకుంటోంది. పోయిన నెల తొందరపడి ఇక్కడే దింపేశా, ఒక్క బిళ్ల కూడా ప్లేటు నుంచి ఊడి రాలేదు. ఇంకొంచెం ఆగండి. ఇప్పుడు చూడండి, విరిస్తే టక్కున విరిగింది. స్టీలు ప్లేటు మీద వేస్తా, వినండి... ఖంగుమంది కదా! థర్మామీటర్ 148 డిగ్రీలు చూపిస్తోంది. ఈ పాకానికి 146 నుంచి 154 డిగ్రీల సెల్సియస్ కావాలి. థర్మామీటర్ లేకపోయినా ఆ చప్పుడు వినిపిస్తే చాలు. వెంటనే దింపాలి, ఆలస్యమైతే మాడి చేదెక్కుతుంది. చిటికెడు వంట సోడా వేస్తే పొంగి గాలి బుడగలు చేరతాయి, బిళ్ల గుల్లగా విరుగుతుంది. శొంఠి పొడి వేసి, నెయ్యి రాసిన ప్లేటులో పోశా. ఈ పాకం ఒంటి మీద పడితే అతుక్కుని కాలుస్తుంది, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఇక రుచి. పసుపు బెల్లం బిళ్ల బాగానే కుదిరింది, కానీ తీపి తప్ప ఇంకేమీ లేదు. మరీ తెల్లగా మెరిసే బెల్లం కొనకండి, రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపేవాళ్లు ఉన్నారు. బ్రౌన్ షుగర్ అంటే మొలాసిస్, అంటే చెరకు మడ్డి, ఉన్న చక్కెరే. మధ్యలో గరిటెతో కలిపానని ఇసుకలా పలుకులు కట్టింది. బెల్లంలో గ్లూకోజు, ఫ్రక్టోజు కాస్త ఎక్కువ కాబట్టి అంత తొందరగా పలుకు రాదు. బ్రౌన్ షుగరే వాడాలంటే మొదట్లోనే రెండు చుక్కల నిమ్మరసం వేయండి.

నల్ల బెల్లం! గానుగ దగ్గర నిలబడితే వచ్చే వాసన నోట్లోకి వచ్చింది. నా ఓటు దీనికే. కొనేటప్పుడు అచ్చు పగలగొట్టి చూడండి. గట్టిగా పగిలితే తీసుకోండి. చెమ్మగా, మెత్తగా ఉంటే బిళ్ల సాగుతుంది.

ఆరగానే ఒక్కోటీ బటర్ పేపర్‌లో చుట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. వానాకాలంలో గంటలోనే జిగురొస్తాయి.

ఎల్లుండి అవ్వ దగ్గరికి పోతున్నా, నల్ల బెల్లం బిళ్లలు పట్టుకెళ్తా. ఆమెకు పళ్లు లేవు, మెల్లగా చప్పరిస్తుంది.