కబడ్డీ కోర్టులో మెడకు దెబ్బ తగిలితే: 108 వచ్చేలోగా ఏం చేయాలి?

నమస్కారం అండీ. సంక్రాంతి వస్తే చాలు, గుంటూరు, బెజవాడ చుట్టుపక్కల ఊళ్లలో కబడ్డీ పోటీల హడావుడి మొదలవుతుంది. మైకు, లైట్లు, షీల్డులు అన్నీ నెల ముందే మాట్లాడేసుకుంటారు. రైడర్ మీద ఐదుగురు పడ్డాక అతను లేవకపోతే ఎవరేం చేయాలో మాత్రం అనుకోరు.

ముందు చేయకూడనిది చూపిస్తాను. మన తమ్ముడు ఇక్కడ వెల్లకిలా పడుకున్నాడు. ఇద్దరు చంకల కింద, ఇద్దరు కాళ్ల దగ్గర పట్టి ఎత్తారు. తల ఎలా వేలాడిందో చూశారా? మెడలో పూస విరిగో జారో ఉంటే, అప్పటిదాకా బాగున్న వెన్నుపాము ఈ ఒక్క ఊపుకే నలగొచ్చు. కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. లేపి కూర్చోబెట్టినా, ‘పట్టేసింది’ అంటూ మెడ విరిచినా ఇదే ప్రమాదం. నోట్లో నీళ్లు కూడా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇప్పుడు సరైన పద్ధతి. అతని కళ్లకు కనబడేలా ఎదురుగా వెళ్లండి. పక్క నుంచి పిలిస్తే తల తిప్పేస్తాడు. ‘తమ్ముడూ, తల కదపకు, నేను పట్టుకుంటాను’ అనండి. తల వెనక మోకాళ్ల మీద కూర్చుని, మోచేతులు నేలకు ఆనించి, రెండు అరచేతులతో తలను ఇరువైపులా పట్టుకోండి. చెవులు మూయకండి, మీ మాట వినబడాలి. లాగొద్దు. మెడ వంకరగా ఉంటే బలవంతంగా సరిచేయొద్దు. ఒకసారి పట్టుకున్నాక 108 సిబ్బంది చెప్పేదాకా వదలకూడదు.

ఇంకొకరు అడగాలి: మెడ వెనక మధ్యలో నొప్పి ఉందా? వేళ్లు తిమ్మిరిగా ఉన్నాయా? కాలివేళ్లు కదుపు, నా చెయ్యి నొక్కు. కాళ్లు బాగా కదుపుతున్నా, మెడ మధ్యలో నొప్పి ఉంటే కదపకూడదు. మందుల షాపులో దొరికే మెత్తటి కాలర్ (మెడ పట్టీ) తొడిగి నిశ్చింతగా ఉండొద్దు, దానికన్నా మీ చేతులే నయం.

వాంతి వస్తుంటే మాత్రం పక్కకు తిప్పక తప్పదు. నలుగురు కావాలి. తల దగ్గర ఒకరు. ఛాతీ, నడుము, కాళ్ల దగ్గర ఒక్కొక్కరు. తల పట్టుకున్నవారే ‘ఒకటి, రెండు, మూడు’ అనాలి. అందరూ ఒకేసారి తిప్పాలి, తల ఒంటితోపాటే తిరగాలి.

ఇక అసలు విషయం. పిలిస్తే పలకడం లేదా? 10 సెకన్లకు మించకుండా ఊపిరి చూడండి. చేప నోరు తెరిచినట్టు ఎప్పుడో ఒకసారి ఎగశ్వాస తీస్తుంటే అది ఊపిరి కాదు. ఊపిరి లేకపోయినా, ఇలా ఉన్నా మెడ కంటే గుండె ముఖ్యం. బోర్లా ఉంటే వెల్లకిలా తిప్పి సీపీఆర్, అంటే గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం, మొదలుపెట్టండి: ఛాతీ మధ్యలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. మ్యాట్ మెత్తగా ఉంటే మీ బలం దానిలోకే పోతుంది, ఛాతీ దిగుతోందో లేదో చూసుకుంటూ నొక్కండి. 2 నిమిషాలకోసారి మనిషి మారాలి. ఏఈడీ యంత్రం (ఆగిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చేది) ఉంటే ఛాతీ మీద చెమట తుడిచి ప్యాడ్లు అంటించండి, తడి మీద అవి నిలవవు.

ఇదంతా జరుగుతుండగానే ఒకరు 108కి చేయాలి. ‘స్టేడియం’ అంటే చాలదు. బెజవాడలో అయితే బందరు రోడ్డు వైపు ఏ గేటో, ఊళ్లో అయితే ఏ గుడి పక్కనో చెప్పండి. గేటుకు అడ్డంగా పెట్టిన బైకులు తీయించి, ఒకరు రోడ్డు మీద నిలబడాలి. సీటీ స్కాన్, న్యూరో సర్జన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమనండి.

తలకు దెబ్బ తగిలి కాసేపు దిమ్మెరపోయి లేచినవాణ్ని స్ప్రే కొట్టి మళ్లీ దించేస్తుంటారు. వద్దు, ఆ రోజుకు అతని ఆట అయిపోయినట్టే. ఫైనల్ అయినా సరే. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. తలనొప్పి పెరిగినా, మళ్లీ మళ్లీ వాంతులైనా, మాట తడబడినా, కంటిపాపల్లో ఒకటి పెద్దదిగా కనబడినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.