ఎర్ర ఫైల్ ఏది?

వేదిక మీది పెద్దలకు, మన నల్లగొండ పిల్లలకు నమస్కారం. రెండు రోజుల నుంచి మీకు లినక్స్ నేర్పుతున్న అధ్యాపకులకు, పొద్దున్నుంచి ల్యాబ్‌లో కరెంటు పోకుండా చూసుకున్న అటెండర్ అన్నకు కూడా నమస్కారం. నాకు పది నిమిషాలు ఇచ్చారు. ఫోల్డర్‌లో ఏమేం ఉన్నాయో చూపించే ఎల్‌ఎస్ (ls) కమాండ్ రంగుల గురించి చెప్పమన్నారు. చెప్తాను, కానీ ముందు నా సంగతి వినండి.

నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. పుట్టుకతోనే అంతే. ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వచ్చే లోపం కాబట్టి మగపిల్లల్లోనే ఎక్కువ. నేను చదువుకున్న కాలేజీలో ల్యాబ్ సార్ టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే తెర చూపించి, ‘ఆకుపచ్చవి నడిచే ప్రోగ్రాములు, ఎర్రవి మూటగట్టిన ఆర్కైవ్‌లు, ఒక్క చూపులో తెలుస్తుంది. ఎర్రవి ఎన్ని ఉన్నయో చెప్పు’ అని నన్ను లేపారు. నా కళ్లకు అన్నీ మట్టిరంగే. ఏడు అన్నాను. ఉన్నవి రెండు. క్లాసంతా నవ్వింది. ‘కళ్లు పెట్టి చూడరా’ అన్నారు సార్. ఆ తర్వాత రెండు వారాలు నేను ల్యాబ్‌కు పోలేదు.

మాది బత్తాయి తోట. కాయ పండిందా లేదా అని అందరూ రంగు చూసి కోస్తారు. నేను పచ్చివి కోసుకొచ్చేవాణ్ణి. మా బాపు ఒక్కసారి కూడా తిట్టలేదు. ‘రంగు ఇడిసిపెట్టు బిడ్డా, కాయ చేతిల పట్టి సూడు. బరువుంటే రసముంటది’ అన్నాడు. నాకు ఇంకో గుర్తు ఇచ్చాడు. ల్యాబ్‌లో నాకు ఆ ఇంకో గుర్తు ఎవరూ ఇవ్వలేదు. అది ఉందని కూడా చెప్పలేదు. పిల్లలూ, నా బాధ అదే.

రంగు ఫైల్‌లో ఉండదు. ఎల్‌ఎస్ అండర్‌స్కోర్ కలర్స్ (LS_COLORS) అనే వేరియబుల్‌లో, అంటే సిస్టమ్ గుర్తుపెట్టుకునే ఒక సెట్టింగ్‌లో ఉంటుంది. ఎల్‌ఎస్ దాన్ని చదివి రంగేస్తుంది. ఫోల్డర్‌కు కోడ్ 01;34, అంటే లావు అక్షరం, నీలం. నల్ల తెర మీద ఆ నీలం రంగు, కళ్లు బాగున్నవాళ్లకే సరిగా కనబడదు. ఇక్కడ ఎంతమంది తెరకు ముఖం ఆనించి చదువుతున్నారో చేతులెత్తండి. చూశారా! దాన్ని మార్చుకోవచ్చని మీకు ఎవరైనా చెప్పారా?

డైర్‌కలర్స్ హైఫన్ పి (dircolors -p) అని కొట్టండి, మొత్తం పట్టిక వస్తుంది. దాన్ని హోమ్ ఫోల్డర్‌లో డాట్ డైర్‌కలర్స్ (.dircolors) అనే పేరుతో దాచుకోండి. ఫోల్డర్ల రంగు చెప్పే డిఐఆర్ (DIR) అన్న వరుసలో 34 తీసి 33 పెట్టండి, ఫోల్డర్లు పసుపులోకి వస్తాయి. ఉబుంటు లినక్స్‌లో మామూలుగా బాష్‌ఆర్‌సి, అంటే టెర్మినల్ తెరవగానే నడిచే సెట్టింగుల ఫైల్, ఆ ఫైల్‌ను తనే వెతుక్కుంటుంది, కొత్త టెర్మినల్ తెరిస్తే చాలు. 30 నుంచి 37 దాకా అక్షరం రంగులు, 40 నుంచి 47 దాకా వెనకాల రంగులు. ఇవి మీరు తర్వాత తీరిగ్గా ఆడుకోండి.

నాకు కావలసింది వేరే. 04 పెడితే కింద గీత వస్తుంది. 07 పెడితే అక్షరం రంగు, వెనకాల రంగు తారుమారవుతాయి. నేను ప్రోగ్రాముల రంగు చెప్పే ఎక్జెక్ (EXEC) వరుసలో 04;32 రాసుకున్నాను. ప్రోగ్రామ్ ఏదో నాకు ఇప్పుడు గీత చెప్తుంది. రంగే వద్దనుకుంటే ఎల్‌ఎస్ హైఫన్ పెద్ద ఎఫ్ (ls -F) కొట్టండి. ఫోల్డర్ చివర వాలుగీత, ప్రోగ్రామ్ చివర నక్షత్రం గుర్తు ‘*’, ఇంకో ఫైల్‌కు దారి చూపే లింక్ చివర ‘@’ వస్తాయి. ఇంత చిన్న అక్షరం! ఆ రోజు సార్ ఇది ఒక్కటి చెప్పి ఉంటే నేను రెండు వారాలు బస్టాండ్‌లో కూర్చునేవాణ్ణి కాదు.

అధ్యాపకులకు ఒక్క మనవి. ‘ఎర్రది తెరువు’ అనకండి, ఫైల్ పేరు చెప్పండి.

ఇందులో ఎవరికైనా నాలాగే కనబడుతుంటే అందరి ముందు చెయ్యి ఎత్తొద్దు. టీ టైమ్‌లో వెనక కిటికీ దగ్గరికి రండి. నా డాట్ డైర్‌కలర్స్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఉంది. మీ మిషన్‌లో వేసి, మీ కళ్లకు తగ్గట్టు ఇద్దరం కూర్చుని మార్చుకుందాం.