పటంలో చుట్టిన బాకు

శ్రోతలకు నమస్కారం.

క్రీస్తుపూర్వం 227. చైనాలో చిన్ రాజు కొలువుదీరాడు. ఇరుగుపొరుగు రాజ్యాలను ఒక్కొక్కటే మింగుతున్న ఆయనే తర్వాత తొలి చక్రవర్తి. యాన్ రాజ్యం తరఫున జింగ్ కే అనే దూత వచ్చి, తమ సీమ ఒకటి సమర్పించుకుంటున్నామని దాని పటం తెచ్చాడు. చుట్ట విప్పుతూ పోయాడు. చివరి మడతలో విషం పూసిన బాకు! రాజు అంగీ చెయ్యి దొరకబుచ్చుకుని పొడవబోతే అది కాస్తా చిరిగింది. రాజు స్తంభం చుట్టూ పరుగు. మొలకున్న కత్తి మరీ పొడుగు, ఒరలోంచి రాదు. కొలువులో ఇంకెవరి దగ్గరా ఆయుధం ఉండకూడదు. ఆస్థాన వైద్యుడు, పాపం, చేతిలోని మందుల సంచీనే విసిరాడు. చివరికి ప్రాణం పోయింది జింగ్ కేదే.

అంతటి రాజు పరాయివాణ్ణి అంత దగ్గరికి ఎందుకు రానిచ్చాడు? పటం కోసం. మన దగ్గర భూదానానికి నీళ్లు ధారపోసేవారు. అక్కడ పటం చేతికిస్తే నేల అప్పగించినట్టే.

ఇరవయ్యేళ్లకు చిన్ రాజ్యం కూలింది. రాజధానిలో చొరబడ్డ సేనానులు బంగారం మీద, పట్టుబట్టల మీద పడితే, తిరుగుబాటు నాయకుడు లియు బాంగ్ మనిషి షియావో హే మాత్రం పటాలూ దస్త్రాలూ మూటగట్టాడు. ఏ కనుమ ఎక్కడుందో, ఏ ఊళ్లో ఎన్ని గడపలో తెలిసిన లియు బాంగే హాన్ చక్రవర్తి అయ్యాడు.

ఆ హాన్ కాలపు పటాలు 1973లో చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయ్ సమాధిలో బయటపడ్డాయి. క్రీస్తుపూర్వం 168లో పాతిపెట్టిన పట్టుగుడ్డలు. దక్షిణం దిక్కు పైన ఉంటుంది. ఒకటి సైన్యం విడిదులు చూపే పటం. అందులో ఊరి పేరు, గడపల లెక్క, ఆ పక్కనే ‘ఇప్పుడు మనుషుల్లేరు’ అని ఓ మాట. మరికొన్ని ఊళ్లకు ‘తిరిగి రాలేదు’ అని. రాసిన గుమాస్తా చెయ్యి వణికిందో లేదో గాని, వింటే నాకు మాత్రం గుండె కలుక్కుమంటుంది.

11వ శతాబ్దంలో కొరియా దూతలు వస్తూ వస్తూ దారి పొడుగునా ప్రతి జిల్లాలోనూ పటాలు అడిగి పుచ్చుకున్నారు. యాంగ్‌జౌ అధికారి గడుసువాడు. ‘ముందు వాళ్లిచ్చినవి చూపించండి, మాదీ అదే తీరులో గీయిస్తాం’ అని నమ్మించాడు. చేతికి రాగానే కుప్పపోసి తగలబెట్టి, చక్రవర్తికి కబురంపాడు.

1708 మొదలు పదేళ్లపాటు కాంగ్షీ చక్రవర్తి జెసూట్ పాదిరీల చేత సామ్రాజ్యమంతా కొలిపించాడు. యాంగ్‌జౌ అధికారి లాంటివాడు అప్పుడొకడు ఉండాల్సింది. పాదిరీలు నకళ్లు ఐరోపాకు పంపారు. 1735లో వాటి ఆధారంగా గీసిన పటాలు ప్యారిస్‌లో పుస్తకంగా అచ్చయి, డబ్బున్నవాడికల్లా దొరికాయి.