మోటారును తిట్టకండి, గట్టు చూడండి: ఫిల్ కెసెల్ కథ

మొన్న శనివారం టొరంటో పక్కన మిసిసాగాలో ఒక ఫ్రెండ్ వాళ్లింట్లో భోజనాలు. టీవీలో మా టొరంటో ఐస్ హాకీ జట్టు లీఫ్స్ మ్యాచ్ నడుస్తోంది. పప్పుచారు వడ్డించుకుంటూ ఒకాయన అన్నాడు, "ఆ కెసెల్ గాణ్ణి వదిలించుకున్నాకే కదన్నా మనం బాగుపడింది" అని. పక్కనున్నాయన, "ఎవరు, ఆ హాట్‌డాగుల బద్ధకస్తుడా?" అన్నాడు. ఫిల్ కెసెల్ ఒకప్పుడు లీఫ్స్‌కు గోల్స్ కొట్టిన ఆటగాడు. లీఫ్స్ అతణ్ణి పిట్స్‌బర్గ్ జట్టుకు ఇచ్చేసింది 2015 జులై 1న. ఇన్నేళ్లయినా అదే మాట. ఇంటికొచ్చి కూర్చుని ఈ వీడియో రాసుకున్నాను.

హాకీ రూల్స్ జోలికి పోను, ఇది చూసేవాళ్లకు అవన్నీ తెలుసు. ముందు మా పొలం సంగతి ఒకటి చెప్పాలి.

మా నాన్న రాత్రంతా బోరు మోటారు వేసి ఉంచేవారు. పొద్దున వెళ్లి చూస్తే మడిలో చుక్క నీళ్లు ఉండేవి కాదు. చూసినవాళ్లంతా "మోటారు పాడైంది, అమ్మేయ్" అనేవారు. నాన్న మాత్రం గట్టు వెంబడి వంగి నడుచుకుంటూ పోయేవారు. ఎక్కడో ఓ మూల ఎండ్రకాయ బొరియ పెద్దదై గండి పడి ఉండేది. నీళ్లన్నీ పక్క చేలోకి. మోటారు తన పని తాను చేసింది. నీళ్లు నిలబెట్టాల్సింది గట్టు.

కెసెల్ ఆ మోటారు, గట్టు మిగతా జట్టు. టొరంటోలో 6 సీజన్లు, 446 మ్యాచ్‌లు, 181 గోల్స్, 394 పాయింట్లు (గోల్స్, గోల్‌కు సాయపడిన అసిస్టులు కలిపి). ఆ ఆరేళ్లలో ప్రతి ఏడాదీ జట్టులో ఎక్కువ పాయింట్లు అతనివే. ఒక్క ఏడాది కూడా ఇంకొకరు దాటలేదు.

[స్క్రీన్ మీద: 4-1]

ఈ అంకె చూడగానే లీఫ్స్ అభిమానులకు కడుపులో తిప్పుతుంది. 2013 మే 13, బోస్టన్‌తో ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ) సిరీస్‌లో ఆఖరిదైన ఏడో మ్యాచ్. మూడో పీరియడ్ మొదలైన రెండు నిమిషాలకు కెసెల్ గోల్ కొట్టాడు, 3-1. కాసేపటికి మనవాడే కాద్రీ ఇంకొకటి వేశాడు, 4-1. ఇక పది నిమిషాల పైచిలుకు ఆట ఉందనగా బోస్టన్ ఆటగాడు హోర్టన్ ఒకటి తగ్గించాడు. ఆఖరి నిమిషన్నరలో బోస్టన్‌కే లూచిచ్ ఒకటి, 31 సెకన్లకే బెర్జెరాన్ ఇంకొకటి. ఓవర్‌టైమ్‌లో మళ్లీ బెర్జెరాన్. అయిపోయింది, లీఫ్స్ ఓడిపోయారు. ఆ సిరీస్ 7 మ్యాచ్‌ల్లో కెసెల్‌వి 4 గోల్స్, 2 అసిస్టులు. మోటారు ఆ రాత్రి కూడా నీళ్లు తోడింది. గండి ఎక్కడ పడిందో మనమందరం కళ్లారా చూశాం. అయినా తర్వాతి రెండేళ్లూ తిట్లన్నీ మోటారుకే.

ఇంకో నింద: "అతని కోసం ఎంత పోగొట్టుకున్నాం!" నిజమే. 2009లో బోస్టన్ జట్టు బ్రూయిన్స్‌కు రెండు ఫస్ట్ రౌండ్ పిక్స్, ఒక సెకండ్ రౌండ్ పిక్ (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతులు) ఇచ్చి తెచ్చుకున్నారు. అంటే మోటారు కోసం పక్కవాడికి పొలం రాసిచ్చారు. ఆ పొలంలో పండిన పంట టైలర్ సెగిన్, డగీ హామిల్టన్ అనే ఆటగాళ్లు. బోస్టన్ జనం "థాంక్యూ కెసెల్" అని అరిచేవారు. ఆ బేరం చేసింది మేనేజ్‌మెంట్. మోటారు తన ధర తాను పెట్టుకోదు కదా! అప్పుడతనికి 21 ఏళ్లు.

మోటారులో లోపాలే లేవా? ఉన్నాయి. డిఫెన్స్‌కు వెనక్కి పరిగెత్తడంలో అతనెప్పుడూ ముందు లేడు. టొరంటోలో ఆఖరి సీజన్‌లో ప్లస్-మైనస్ (అతను ఐస్ మీదున్నప్పుడు జట్టు వేసిన గోల్స్‌కీ తిన్న గోల్స్‌కీ తేడా) మైనస్ 34. కానీ ఆ అంకెలో ఐస్ మీదున్న మిగతా నలుగురి తప్పులూ, గోలీ తప్పులూ కలిసి ఉంటాయి. అతని ఒక్కడి ఖాతాలో రాస్తే ఎలా?

అసలు కోపం ఆట మీద కాదని నా అభిప్రాయం. కెసెల్ మొహమాటస్తుడు, మైకుల ముందు మాట పెగలదు. చూడ్డానికి అథ్లెట్‌లా ఉండడు. టొరంటోలో ప్రాక్టీస్ అయ్యాక కెమెరాలు చుట్టుముడతాయి. రెండు ముక్కలు పొడిగా చెప్పి వెళ్లిపోయేవాడు. మైకు తప్పించుకునేవాడి గురించి మైకు పట్టుకున్నవాళ్లు మంచిగా రాయడం కష్టం. ట్రేడ్ జరగ్గానే ఒక కాలమిస్టు, రోజూ మధ్యాహ్నం ఫలానా వీధి మూల హాట్‌డాగ్ బండి దగ్గరికి కెసెల్ వెళ్లేవాడని రాశాడు. ఆ కథ నిలబడదని తర్వాత చాలామంది చెప్పారు. కానీ పేరు అతుక్కుపోయింది. మిసిసాగాలో పప్పుచారు దగ్గరికీ వచ్చింది. ఒక మనిషి తిండి మీద, ఒంటి మీద అలా రాయడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ట్రేడ్ చేయడమే తప్పని నేననను. జట్టును మొదటి నుంచి కట్టాలనుకున్నారు, అమ్మారు. కానీ చూడండి, మోటారు అమ్మేశాక కూడా దాని కరెంటు బిల్లులో కొంత మనమే కట్టాం, అతని జీతంలో ఏడాదికి 12 లక్షల డాలర్లు! ఆ డబ్బుతో పిట్స్‌బర్గ్ మడి తడిసింది. అక్కడ గట్లు బాగున్నాయి, క్రాస్బీ, మాల్కిన్ అనే పెద్ద మోటార్లు ముందే ఉన్నాయి. కెసెల్‌ను హాగెలిన్, బోనినోతో కలిపి ఆడించారు. 2016 ప్లేఆఫ్స్‌లో 24 మ్యాచ్‌లకు 22 పాయింట్లు, జట్టులో అందరికంటే ఎక్కువ. లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ గెలిచారు. 2017లో మళ్లీ గెలిచారు. 2023లో వేగస్ జట్టులో ఉండగా మూడోది. అతను వెళ్లిన మొదటి సీజన్‌లో లీఫ్స్ లీగ్ మొత్తానికి ఆఖరు.

"బద్ధకస్తుడు" అన్నారే, ఇదొక్కటి వినండి. 2009 నవంబర్ 3న లీఫ్స్ జెర్సీలో తొలి మ్యాచ్ ఆడాడు. అక్కణ్ణుంచి ఒక్క రెగ్యులర్ సీజన్ మ్యాచ్ మానలేదు. 2022 అక్టోబర్ 25న వరసగా 990వ మ్యాచ్ ఆడి ఎన్‌హెచ్‌ఎల్ (ఈ హాకీ లీగ్) రికార్డు బద్దలు కొట్టాడు. అదే రాత్రి కెరీర్‌లో 400వ గోల్. ఆ వరస 1,064 దగ్గర ఆగింది.

ఆఖరి సంగతి. 2006 డిసెంబర్‌లో, 19 ఏళ్లకే అతనికి క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేయించుకుని తర్వాతి నెలలోనే మళ్లీ ఐస్ మీదికి వచ్చాడు. 2016లో కప్ గెలిచినప్పుడు, దాన్ని ఒక రోజు తన దగ్గర ఉంచుకునే అవకాశం వచ్చింది. అతను దాన్ని టొరంటోకే తీసుకొచ్చాడు, సిక్‌కిడ్స్ ఆసుపత్రిలో పిల్లలకు చూపించడానికి.