మోకు, కొక్కెం, నాన్నగారి ఖాతా పుస్తకం

చెల్లెలు: శ్రోతలకు నమస్కారం. క్రిందటిసారి మాట ఇచ్చినట్లుగా, పెద్ద ఓడలను లాగే టగ్‌బోటుల కుటుంబ వ్యాపారం ఒక తరం చేతి నుంచి మరో తరం చేతికి ఎలా మారుతుందో ఈ రోజు మాట్లాడుకుందాం. అన్నయ్య మోకుల సంగతి ఎత్తకుండా పది నిమిషాలు ఉండగలడా అన్నది వేరే పందెం.

అన్నయ్య: ఆ పందెంలో ఓడిపోయేది నువ్వే. వారసత్వం అన్నావు కాబట్టి థియా ఫాస్‌తో మొదలుపెడదాం. 1889లో అమెరికాలోని టకోమాలో ఆమె అయిదు డాలర్లకు ఒక పాత తెడ్ల పడవను కొని, రంగు వేసి, లాభానికి అమ్మి, ఆ డబ్బుతో మరికొన్ని పడవలు కొని అద్దెకు తిప్పింది. తరువాత పెద్ద టగ్‌బోటు సంస్థగా ఎదిగినది ఆ అద్దె పడవల వ్యాపారమే.

చెల్లెలు: రంగు మాట నీ నోటనే వచ్చింది, నేను గుర్తు పెట్టుకుంటాను. మన తాతగారూ ఒక్క టగ్గుతోనే మొదలుపెట్టారు, నాన్నగారు రెండోదాన్ని చేర్చారు, మన చేతికి ఆ రెండూ వాటి మీది అప్పూ కలిసే వచ్చాయి. వారసత్వం గురించి చెప్పవలసినది దాదాపు అంతే.

అన్నయ్య: పనితనం మాటేమిటి? తాతగారి టగ్గుకు ఒకటే ప్రొపెల్లరు, నడుమ దగ్గర ఓడను లాగడానికి ఒక కొక్కెం ఉండేవి. పక్కన సాగే ఓడ వేగాన్ని, అది తోసే నీటి ఒత్తిడిని కంటితోనే అంచనా కట్టుకుంటూ సరంగు చుక్కాని తిప్పవలసి వచ్చేది. ఇప్పుడు అడుగున ఉన్న రెండు థ్రస్టర్లూ, అంటే ప్రొపెల్లరు అమర్చిన యంత్రాలు, 360 డిగ్రీలు తిరుగుతాయి, రెండు పిడులు కదిపితే టగ్గు పీతలా పక్కకు నడుస్తుంది. దీన్ని నేర్పు అనడానికి నాకు మనసొప్పదు.

చెల్లెలు: నాకు ఒప్పుతుంది. నడుమ కొక్కెం ఉన్న టగ్గుకు మోకు అడ్డం తిరిగిందంటే, ఓడ దాన్ని పక్కకు ఈడ్చి కొద్ది సెకన్లలోనే బోర్లా వేస్తుంది. గర్టింగ్ అనేది దీన్నే. నువ్వు నేర్పు అంటున్నది ఆ ప్రమాదంతో రోజూ ఆడిన జూదం.

అన్నయ్య: అందుకే గదా గాబ్ రోపు ఉన్నది! ఆ తాడుతో మోకును అమరం వైపు, అంటే టగ్గు వెనుక కొసకు, దించి కడితే, టగ్గు ఒరగకుండా వెనక్కు తిరిగి ఓడ వెంట పోతుంది. మోకు మాట ముందు ఎత్తింది నువ్వు, పందెం నాదే. ఉక్కు తీగ మోకుల కాలంలో తెగిన పోగులు చేతి తొడుగుల్లోంచి అరచేతిలోకి దిగేవి. ఇప్పటి పాలిథిలీన్ మోకు అంతే బలంతో సుమారు ఏడో వంతు బరువుంటుంది, నీటిమీద తేలుతుంది, కానీ ఒరిపిడికీ వేడికీ ఓర్వదు. నేను ప్రతి ఉదయం దాన్ని జానెడు జానెడుగా తడిమి చూస్తాను.

చెల్లెలు: మోకును అంతగా తడిమేవాడివి, ఆ రోజు కొక్కెం పిన్నును తడమలేదు.

అన్నయ్య: ఇప్పుడు అది ఎందుకు?

చెల్లెలు: నేను అప్పుడు ఇంజను గదిలో ఉన్నాను. టగ్గు ఒరిగింది, నీళ్లు గడప దాటి నా పాదాల మీదికి వచ్చాయి, పైన నాన్నగారు కొక్కెం విడిపించే పిడిని గుంజుతున్న చప్పుడు మూడుసార్లు వినిపించింది. అది కదలలేదు. ఓడ ఇంజను ఆపడంతో మోకు వదులైంది కాబట్టి బతికాము. తరువాత చూస్తే పిన్ను చుట్టూ ఎర్ర రంగు రాయిలా గట్టిపడి ఉంది.

అన్నయ్య: వారం ముందు ఆ రంగు వేసింది నేనే. ఇంజను గది తలుపు తెరిచి ఉంచింది నువ్వు.

చెల్లెలు: ఉక్కకు తాళలేక తెరిచాను. అవును, నేనే.

అన్నయ్య: నాన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ నెల ఖాతాలో "రంగు" అన్న పద్దు కొట్టివేసి, పక్కన "గ్రీజు" అని రాశారు.

చెల్లెలు: ఆ పేజీ నేనూ చూశాను. నీకు తెలియదనుకున్నాను.

అన్నయ్య: వీహెచ్‌ఎఫ్ రేడియోలో పిలుస్తున్నారు, నేను వెళ్ళాలి.

చెల్లెలు: శ్రోతల ప్రశ్నలు రెండు మిగిలి ఉన్నాయి.

అన్నయ్య: ఆ రంగు డబ్బా గురించే అయి ఉంటాయి. చదవకు.