ఒడియా ఒకటి, ఒడియా తొమ్మిది

(పర్లాకిమిడిలో ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇంతకుముందు మాట్లాడిన ముగ్గురూ చెప్పేశారు. నాలుగోసారి నేను కూడా చెబితే వాళ్లకే విసుగు. బహుమతుల కోసం ముందు వరసలో కూర్చున్న పిల్లలూ, మీకు ఆకలేస్తోందని తెలుసు. పులిహోర వాసన నాకూ తగులుతోంది. కాస్త ఓపిక పట్టండి.

నాకిచ్చిన అంశం 'విద్యార్థి దశ నుంచి తొలి ఉద్యోగం దాకా'. కార్యదర్శిగారు ఫోన్ చేసి, "పిల్లలకి స్ఫూర్తినిచ్చేలా నాలుగు మాటలు చెప్పాలి మాస్టారూ" అన్నారు. నేను మాస్టార్ని కాను, గుమాస్తాని. మన ఊళ్లో కళ్లజోడు పెట్టుకున్న ప్రతివాడూ మాస్టారే కాబట్టి ఒప్పుకున్నాను.

తొలి ఉద్యోగం అంటే ముందు ఈ పటంలో ఉన్నాయన సంగతే చెప్పాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో, పదిహేడేళ్లు నిండాయో లేదో, నెలకి 30 రూపాయల జీతం మీద ఈ ఊరి రాజావారి బళ్లో చేరారు. ఆ ఉద్యోగం చేసుకుంటూనే ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల్లో ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. ఆయనకి అవసరమా చెప్పండి? జీతం పెరుగుతుందా? అయినా నేర్చుకున్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి, ఈ ఊరు దాంట్లో కలిసింది. పంతులుగారు రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాత వెళ్లలేదు. వెళ్లడానికి ఆయనకి అక్కడెవరున్నారు గనక. అందుకే మేం ఒడిశా వాళ్లమయ్యాం.

మా నాన్న కిరాణా కొట్టులో పద్దులు రాసేవాడు. తెలుగు అంకెలు ముత్యాల్లా ఉండేవి. నేను తెలుగు మీడియం. ఒడియా మాట్లాడటం వచ్చు, బజార్లో వంకాయలు బేరమాడే ఒడియా. చదవడం మాత్రం గుడుగుడు గుంచమే. ఆ గుండ్రటి అక్షరాలన్నీ నాకు ఒకేలా కనిపించేవి. "మనకెందుకురా, మనం తెలుగోళ్లం" అనేవారు ఇంట్లో. ఆ మాట నాకు చాలా నచ్చేది, ఎందుకంటే చదవక్కర్లేదు కదా!

1987లో బీకాం అయింది. ఏరు దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. మహేంద్రతనయలో మోకాలి లోతు నీళ్లుండే రోజుల్లో నడిచి పోవచ్చు. శ్రీకాకుళంలో గుమాస్తా పోస్టులు పడితే అప్లికేషన్ పెట్టాను. నాన్‌లోకల్ అన్నారు. రాజ్యాంగంలో 371-డి అధికరణం, దాని మీద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు అప్పుడే మొదటిసారి విన్నాను. వరసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలట, జిల్లాలో ఆ స్థాయి పోస్టులు నూటికి 80 స్థానికులకేనట. చట్టం తప్పని నేను అనను, అక్కడి పిల్లలకీ ఉద్యోగాలు కావాలి. కానీ పాతపట్నం నీలమణి దుర్గమ్మ జాతరకి స్థానికుణ్ణి, ఉద్యోగానికి కాదు! ఇటు చూస్తే ఒడిశాలో సర్కారు కొలువుకి ఏడో తరగతి స్థాయి ఒడియా వచ్చి తీరాలి. అప్లికేషన్‌లో 'ఒడియా చదువుట, వ్రాయుట వచ్చును' అని టిక్కు పెట్టి పంపించాను. అందరూ అలాగే పెడతారని స్నేహితులు చెప్పారు. అది నా మొదటి అబద్ధం. రెండోది ఇంకా పెద్దది. అది చెప్పడానికే అసలు వచ్చాను.

1988లో ఒక ఆఫీసు నుంచి ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చింది. అప్పటికి గజపతి జిల్లా లేదు, మనది గంజాం. అంచేత ఇంటర్వ్యూ ఛత్రపురంలో. పోస్టుమాన్ మావయ్య, ఆయన్ని అందరం అలాగే పిలిచేవాళ్లం, వీధి మొగలో సైకిలాపి నా చేతికే ఇచ్చాడు. "సర్కారీ కవరురా, మిఠాయి బాకీ" అన్నాడు. విప్పితే ఒక్క ముక్క ఇంగ్లీషు లేదు. మొత్తం ఒడియా, అంకెలతో సహా.

బీకాం చదివినవాణ్ణి. ఎవర్నయినా "కాస్త చదివి పెట్టండి" అని అడగడానికి నోరు రాలేదు. చొక్కా జేబులో పెట్టుకుని బస్టాండుకి వెళ్లి, బోర్డుల మీద ఊరి పేర్లు తెలుసు కాబట్టి వాటితో పోల్చి అక్షరాలు కూడబలుక్కున్నాను. ఛత్రపురం దొరికింది. తారీఖు దగ్గర వచ్చింది తంటా. ఒడియాలో ఒకటీ తొమ్మిదీ నాలాంటివాడికి కవల పిల్లలే. చిన్న సున్నా, దానికో తోక. తోక ఎటు తిరిగిందన్నదే తేడా. నేను 19 అని చదువుకున్నాను.

18 సాయంత్రం ఇంట్లో చెప్పి బయల్దేరాను. మన చిన్న రైలు మీద నౌపడా, అక్కడి నుంచి పెద్ద రైలు. ఆ చిన్న రైలు సంగతి ఈ పిల్లలకి తెలీదు. 1900లో మన రాజావారు వేయించిన లైను, రెండున్నర అడుగుల గేజి. 2004లో ఆపి పెద్ద లైను వేశారు. అది ఎంత మెల్లగా వెళ్లేదంటే... సరే, రైలు కథ మొదలెడితే పులిహోర చల్లారిపోతుంది.

ఛత్రపురంలో గుమాస్తా కాగితం చూసి, నన్ను చూసి, ఒడియాలో అన్నాడు: "బాబూ, ఇది 11." పక్కాయనకి కూడా చూపించాడు. ఇద్దరూ నవ్వారు. చెడుగా నవ్వలేదు, అదే బాధ.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. ఇంటర్వ్యూ 11నే అయిపోయిందట అన్నాను. "మరి ఉత్తరం ఎప్పుడొచ్చిందిరా?" అంది. "మొన్న" అన్నాను. ఒక్క మాట. దాని వెనక ఆలోచన కూడా లేదు, నోట్లోంచి జారిపోయింది. మర్నాడు మావయ్య వీధిలోకి రాగానే అమ్మ అరుగు మీద నుంచి లేచింది. "నా కొడుకు ఉజ్జోగం వారం దినాలు సంచీలో ఎట్టుకుని తిరిగావేటి?" అని వీధి వీధంతా వినేలా అరిచింది. ఆయన "లేదమ్మా, వచ్చిన రోజునే పిల్లడి చేతికిచ్చాను" అని నా వైపు చూశాడు. నేను లోపలికి వెళ్లిపోయాను.

ఎండాకాలం రోజూ మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగే మనిషి. ఆ తర్వాత ఉత్తరాలు గుమ్మంలో వేసి వెళ్లిపోయేవాడు.

ఇంక తొలి ఉద్యోగం. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ, నెలకి 450. పిక్కలు 80 కిలోల బస్తాల్లో దిగేవి, నేను లెక్క రాసుకోవాలి. ఆడవాళ్లు పిక్కలు కొడుతుంటే జీడి రసానికి వేళ్లు నల్లబడిపోయేవి. గుండ్లు వేరు, బద్దలు వేరు. 320 రకమంటే పౌనుకి ఎక్కువలో ఎక్కువ 320 గింజలు తూగాలని అక్కడే తెలిసింది. రాసింది రెండుసార్లు చూసుకునేవాణ్ణి. ఒకటి కనిపిస్తే మూడుసార్లు. రాత్రిళ్లు ఒడియా వాచకం, నాలుగో తరగతిది. ఇరవై నాలుగేళ్ల వయసులో ఏడో తరగతి స్థాయి ఒడియా పరీక్షకి కూర్చుంటే, పక్క బెంచీ పిల్లాడు ఇన్విజిలేటర్ అనుకుని లేచి నిలబడ్డాడు. పాసయ్యాను. తర్వాత ఒడిశా సర్కారు కొలువే వచ్చింది, అందులోనే రిటైరయ్యాను. పెన్షన్ పుస్తకం ఒడియాలోనే ఉంటుంది, ఇప్పుడు గడగడా చదువుతాను.

ఇప్పటి అమ్మానాన్నలకొక మాట. మా ఇంట్లో "ఒడియా ఎందుకు" అన్నారు. మీరు "తెలుగు ఎందుకు" అంటున్నారు, తేడా అంతే. మా మనవరాలు వాట్సాప్‌లో 'తాతయ్యా' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తుంది. ఇంతకంటే సాగదీయను, కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.

ఇంకొక్క నిమిషం. మూడో వరసలో నీలం చొక్కా వేసుకుని, కూతురి బహుమతి కోసం వచ్చిన బాబూ, ఒకసారి లేచి నిలబడతావా? అవును, నువ్వే. మీ నాన్నగారు వెళ్లిపోయి పదేళ్లు దాటింది, ఆయనకి చెప్పలేకపోయాను. ఆ కవరు నేను పారెయ్యలేదు. ఇదిగో. ఇన్నేళ్లూ ట్రంకు పెట్టెలో అడుగున ఉంది. లోపల కాగితం ఒడియాలో ఉంది గానీ, పోస్టాఫీసు ముద్ర మీద తారీఖు అందరికీ తెలిసిన అంకెల్లోనే ఉంది. 5. ఆ రోజునే ఇచ్చాడు.

రా బాబూ, తీసుకో.